కారు అద్దం మీట

మా నాన్నగారు స్విచ్చిని "మీట" అనేవారు. నేను చదివింది ఇంగ్లీషు మీడియం, ఆ మాట మర్చిపోయాను. మొన్న కారు తలుపు విప్పుతుంటే గుర్తొచ్చింది.

ఆ శనివారం గుడికి పులిహోర తీసుకెళ్లాలి. మా 1998 కారులో వెనక కుడివైపు అద్దం దిగింది కానీ మళ్లీ ఎక్కలేదు. బయట వాన!

ముందు ఫ్యూజు చూశాను, బాగానే ఉంది. తర్వాత ఎడమ తలుపు మీట ఊడదీసి కుడివైపు తగిలించాను. అద్దం ఎక్కింది. అంటే మోటారు బాగుంది, మీటే పోయింది.

పాడైన మీటను విప్పి చూశాను. ఈ మోటారుకి రెండు తీగలుంటాయి. మీట ముట్టుకోనప్పుడు రెండూ గ్రౌండుకే కలిసి ఉంటాయి. ఒకవైపు నొక్కితే ఒక తీగకి 12 వోల్టులు వెళ్తాయి, ఇంకోవైపు నొక్కితే రెండో తీగకి. కరెంటు దిశ మారితే మోటారు ఎదురు తిరుగుతుంది. నొక్కినప్పుడల్లా లోపల చిన్న నిప్పురవ్వ పుడుతుంది, ఏళ్లు గడిచేసరికి లోపలి రేకులు నల్లబడతాయి. నావి బొగ్గులా ఉన్నాయి. కొత్త మీట కొని పెట్టాను, పది నిమిషాల పని.

మా చిన్నప్పుడు అంబాసిడర్‌లో హ్యాండిల్ తిప్పి అద్దం దించేవాళ్లం. అమెరికాలో 1940లోనే ప్యాకార్డ్ 180 కారుకి మీటతో కదిలే అద్దాలు వచ్చాయి. కానీ వాటిని ఎత్తింది నూనె ఒత్తిడి, కరెంటు ఆ పంపును తిప్పేది, అంతే. 1951 క్రిస్లర్ ఇంపీరియల్‌లో ఆ పని పూర్తిగా కరెంటుకి వచ్చింది.

సుఖం వచ్చింది, ప్రమాదమూ వచ్చింది. పిల్లలు తల బయటపెట్టి చూస్తూ మోకాలితో మీట నొక్కేసేవారు. అద్దం మెడ మీదికి లేచేది. కొందరు పిల్లలు అలా చనిపోయారు. తాళంచెవి తిప్పకుండా అద్దాలు ఎక్కకూడదని 1971 నుంచి నిబంధన ఉంది కానీ, నడిచే కారులో అది ఏం కాపాడుతుంది? 2004లో ఇక్కడి రోడ్డు భద్రతా సంస్థ ఒక పరీక్ష పెట్టింది. పిల్లవాడి మోకాలి బదులు 40 మిల్లీమీటర్ల గుండుతో మీటను నొక్కుతారు, దాదాపు 14 కిలోల బరువంత బలంతో. అద్దం ఎక్కకూడదు. అద్దం మూయాలంటే మీటను పైకి లాగేలా ఉండాలని 2005లో చట్టమే చేశారు. మీ కారులో మీట చూడండి, వేలితో లాగేలా ఉంటుంది.

నాది పాత కారు కదా, కొత్త మీట కూడా పాత రకమే దొరికింది. నొక్కేది. మా మనవడు వెనక సీటులో మోకాళ్ల మీద కూర్చుని లారీలు లెక్కపెడతాడు. బెల్టు పెట్టుకోరా అంటే ఎర్ర లైటు దగ్గర విప్పేస్తాడు.

అందుకే నా తలుపు మీదున్న లాక్ బటన్ నొక్కే ఉంచుతున్నాను.

"తాతయ్యా, మీట మళ్లీ పాడైంది," అన్నాడు నిన్న.

"పాడవలేదు, నేనే ఆపాను," అన్నాను. గుడి వచ్చేదాకా మాట్లాడలేదు.