బికినీ భస్మము – మాస్కో యొడంబడిక

అణ్వస్త్ర నియంత్రణ చరిత్రను వ్రాయువారు సామాన్యముగా 1945 ఆగస్టు నాటి హిరోషిమా, నాగసాకీలతో నారంభింతురు. అది సహజమే. కాని 1963 నాటి మాస్కో యొడంబడికకు మూలమును వెదకువారు పసిఫిక్ మహాసముద్రమునందలి బికినీ పగడపు దీవికి పోవలెనని మా యభిప్రాయము.

1954 మార్చి 1వ తేదీన అమెరికావారు అచ్చట నొక ఉదజని బాంబును ప్రేల్చిరి. సుమారు 6 మెగాటన్నుల శక్తి వెలువడునని వారి యంచనా, వెలువడినది 15. ఇంధనములోని లిథియము–7 అంతగా ప్రతిచర్య జరుపదని శాస్త్రజ్ఞులు తలచుటయే యిందుకు కారణము. హిరోషిమా బాంబుకంటె నిది వేయిరెట్లు. పగడపు నేల పొడియై యాకాశమున కెగసి, గాలివాటున తూర్పునకు సాగి, తెల్లని బూడిదయై కురిసినది. జపానువారు దానిని ‘షి నో హాయి’ యనిరి, మృత్యుభస్మమని యర్థము. (ఇట్టి ప్రేల్పులకు ‘పరీక్ష’ యను పేరు స్థిరపడినది. పరీక్ష యున్నచోట పరీక్షింపబడువా రుండవలెను. వారెవరో ఆ పేరు చెప్పదు.)

ఆ బూడిద రోంగెలాప్ దీవివాసులపై పడినది. రెండు దినములు గడచిన పిదపగాని వారి నచ్చటినుండి తరలింపలేదు. ఇరువదిముగ్గురు నావికులున్న ‘దైగో ఫుకుర్యూ మారు’ అను చేపలపడవపైనను పడినది. మార్చి 14న పడవ యాయిజు రేవు చేరునప్పటికి వారందరును వ్యాధిగ్రస్తులు. రేడియో నడుపు కుబొయామా ఐకిచి సెప్టెంబరు 23న మరణించెను. కలుషితమైన చేపలు అంగళ్లకు చేరినవను వార్తతో జపాను గృహిణులు సంతకముల సేకరణకు పూనుకొనిరి. 1955 నాటికి సంతకములు మూడు కోట్లు దాటినవి. హిరోషిమా రేపని యలజడిని చేపలబుట్ట రేపినదనుట కఠినముగ దోచవచ్చును. కాని విదేశీయాక్రమణ కాలమున బాంబును గూర్చిన వ్రాతలపై అదుపుండెనని మరువరాదు.

ఆ యేప్రిల్ 2న నెహ్రూ లోక్‌సభలో, సంపూర్ణ నిరాయుధీకరణమునకై వేచియుండక ముందు ప్రేల్పులనైన నిలుపుడని కోరెను. ప్రభుత్వాధినేతలలో ఈ మాట యన్న ప్రథముడాయనయేయని గణింతురు.

తరువాతి కథ దీర్ఘము. 1958లో నగ్రరాజ్యములు తమంత తాము పరీక్షల నాపిరి. 1961లో సోవియట్ రష్యా మరల నారంభించి, అక్టోబరు 30న 50 మెగాటన్నుల బాంబును ప్రేల్చెను. భూగర్భ ప్రేల్పునకును భూకంపమునకును భేదము తెలియుటకు ఏటేట స్థలపరిశీలన లెన్ని జరుగవలెనను తగవు తెగలేదు. అమెరికా 7 అనెను. రష్యా 3 దాటలేదు. తుదకు భూగర్భమును విడిచి, గాలిలో, నీటిలో, అంతరిక్షమున మాత్రమే నిషేధించుచు 1963 ఆగస్టు 5న అమెరికా, బ్రిటన్, రష్యాలు సంతకములు చేసినవి. మూడుదినములకు భారతదేశమును చేసినది.

ఈ యొడంబడిక భస్మము నాపినది, అస్త్రము నాపలేదు. పాలలోను పిల్లల పండ్లలోను చేరుచున్న స్ట్రాంషియము–90 తగ్గుట నిజమైన లాభమే. కాని అమెరికా, రష్యాలు అంతకుముందు జరిపినవానికంటె నెక్కువ పరీక్షలను తరువాతనే భూగర్భమున జరిపినవి. భయము కంటికి మరుగగుటతో ప్రజాఘోషయు సన్నగిల్లినది. సంతకము చేయని ఫ్రాన్సు 1974 వరకు, చైనా 1980 వరకు గాలిలోనే ప్రేల్చినవి. 1996 నాటి సమగ్ర నిషేధపు టొడంబడిక నేటికిని అమలులోనికి రాలేదు. ఆపుడని మొదట నడిగిన మన దేశము 1974లోను 1998లోను పరీక్షలు జరిపినది. ఆ పత్రముపై సంతకము చేయలేదు.

అయిదే యధికరణములు గల మాస్కో పత్రమున రోంగెలాప్ ప్రస్తావన లేదు. క్షేమమేనను హామీపై 1957లో ఆ దీవికి మరలివచ్చినవారికి, సంతకములు జరిగిన 1963లోనే, కంఠగ్రంథిలో గడ్డలు మొదటిసారిగా కనబడినవి. 1985లో వారు దీవిని విడిచి వెళ్లిరి.