అమెరికాలో పడవ ట్రైలర్ల నమోదు, అంతర్రాష్ట్ర ప్రయాణం

పడవ ట్రైలరు అనగా చిన్న పడవను ఇంటి నుండి సరస్సుకు, ఒక సరస్సు నుండి మరియొక సరస్సుకు రోడ్డు మీద చేరవేయుటకు కారు లేక పికప్ ట్రక్కు వెనుక తగిలించే, ఇంజను లేని చక్రాల బండి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో చేపల వేటకు, విహారానికి ఉపయోగించే చిన్న పడవలు చాలావరకు ఇటువంటి ట్రైలర్ల మీదనే ప్రయాణిస్తాయి. చట్టం దృష్టిలో ట్రైలరు వేరు, దానిపై ఉన్న పడవ వేరు. పడవకు సమాఖ్య చట్టం ఏర్పరచిన పద్ధతిలో రాష్ట్రం నెంబరు ఇస్తుంది. ట్రైలరును మాత్రం ప్రతి రాష్ట్రం తన సొంత మోటారు వాహన చట్టం ప్రకారమే నమోదు చేస్తుంది. ఒకే కాగితం రెండింటికీ చాలునని భావించి రాష్ట్రం దాటినవారికి, ముఖ్యంగా పాత ట్రైలరును వేరే రాష్ట్రంలో కొన్నవారికి, చిక్కులు ఎదురవుతుంటాయి.

తెలుగు ప్రాంతాలలో కూడా ట్రాక్టరుకు ఒక నెంబరు, దాని వెనుక ఉండే ట్రక్కుకు వేరొక నెంబరు ఉంటాయి. అయితే భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ ఒక్కటే. అమెరికాలో వాహనాల నమోదుకు అటువంటి ఉమ్మడి చట్టం లేదు.

పడవ నమోదు

మోటారు పడవలకు రాష్ట్రాలు నెంబర్లు ఇచ్చే ప్రస్తుత పద్ధతికి 1958లో చేసిన సమాఖ్య చట్టం ఆధారం. 1971 నాటి పడవల భద్రతా చట్టం దీనిని కొనసాగించింది. నెంబరులో మొదట రాష్ట్రాన్ని తెలిపే రెండు అక్షరాలు (ఫ్లోరిడాకు ఎఫ్ఎల్, టెక్సాస్‌కు టిఎక్స్), తరువాత నాలుగు వరకు అంకెలు, చివర రెండు వరకు అక్షరాలు ఉంటాయి. చివరి అక్షరాలలో ఐ, ఓ, క్యూ వాడరు. అవి అంకెలుగా పొరబడే అవకాశమున్నది. నెంబరును పడవ ముందు భాగంలో రెండు వైపులా, కనీసం 3 అంగుళాల ఎత్తున, పడవ రంగులో కలిసిపోని రంగుతో వ్రాయవలెను. నెంబరు ధ్రువపత్రం నీటిపై ఉన్నంతసేపు పడవలోనే ఉండవలెను.

ఇది కాక, 1972 నవంబరు 1 తరువాత తయారైన పడవలకు తయారీదారుడు ఇచ్చే 12 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఇది పడవ వెనుక భాగంలో కుడి వైపున చెక్కబడి ఉంటుంది. అయిదు నెట్ టన్నులు, అంతకు మించిన పడవలను అమెరికా కోస్ట్ గార్డ్ వద్ద నేరుగా నమోదు చేయవచ్చును. ఇక్కడ టన్ను బరువుకు కాక పడవలోని ఘనపరిమాణానికి కొలత. అటువంటి పడవ ముందు భాగాన రాష్ట్ర నెంబరు ఉండదు, అయినా కొన్ని రాష్ట్రాలు తమ రుసుము చెల్లించి చీటీ అంటించుకొనవలెనని కోరుతాయి.

పడవ ఏ రాష్ట్ర జలాలలో ఎక్కువ కాలం నడుస్తుందో ఆ రాష్ట్రమే నెంబరు ఇవ్వవలెనన్నది నియమం. ట్రైలరుకు సాధారణంగా యజమాని నివాసమే ప్రమాణం. అందువలన జార్జియాలో నివసించే వ్యక్తి తన పడవను ఏడాదిలో అధిక భాగం ఫ్లోరిడాలో నడిపితే, పడవపై ఫ్లోరిడా నెంబరు, దానిని మోసే ట్రైలరుపై జార్జియా ప్లేటు ఉండటం సక్రమమే.

ట్రైలరు నియమాలలో తేడాలు

ట్రైలరుకు సంబంధించి రెండు పత్రాలు ఉన్నవి. మొదటిది టైటిల్ అనబడే యాజమాన్య పత్రం. రెండవది రిజిస్ట్రేషన్, అనగా రోడ్డుపై నడుపుటకు అనుమతి, దానితోపాటు వచ్చే నెంబరు ప్లేటు. కొన్ని రాష్ట్రాలు రెండూ కోరుతాయి, కొన్ని రెండవది మాత్రమే కోరుతాయి. చిన్న ట్రైలర్లను రెండింటి నుండి మినహాయించిన రాష్ట్రాలు కూడా ఉన్నవి.

ఫ్లోరిడాలో 2,000 పౌండ్ల (సుమారు 907 కిలోలు) లోపు ట్రైలరుకు టైటిల్ అవసరం లేదు, కాని ప్లేటు ఉండవలెను. మెయిన్ రాష్ట్రంలో ఖాళీ బరువు 3,000 పౌండ్లకు (సుమారు 1,361 కిలోలు) మించని ట్రైలర్లకు టైటిల్ ఇవ్వరు. కాలిఫోర్నియా 2001 చివర నుండి శాశ్వత ట్రైలరు ప్లేట్లను ప్రవేశపెట్టింది. ఈ పద్ధతిలో ఏటేటా పునరుద్ధరణ లేదు, అయిదేళ్ళకొకసారి సేవా రుసుము కట్టితే చాలును.

సరిహద్దు దాటినప్పుడు

ఒక రాష్ట్రంలో సక్రమంగా నమోదైన ట్రైలరును తాత్కాలికంగా వచ్చిన మరియొక రాష్ట్రం గుర్తిస్తుంది. పరస్పర గుర్తింపు అనే ఈ సూత్రం వలననే సెలవులకు పడవతో బయలుదేరిన కుటుంబం దారిలో అయిదారు రాష్ట్రాలు దాటినా ప్రతిచోటా కొత్త ప్లేటు తీసుకొననవసరం లేదు. సొంత రాష్ట్రం ప్లేటు కోరని ట్రైలరు విషయంలోనే ఇబ్బంది. సూత్రప్రకారం సందర్శకుడు తన రాష్ట్ర నియమం పాటిస్తే సరిపోతుంది. కాని ప్లేటు లేని బండి కనిపించినప్పుడు పొరుగు రాష్ట్రపు పోలీసు అధికారి ఆపి విచారించటం సహజం. అటువంటివారు కొనుగోలు రసీదును, తమ రాష్ట్ర నియమపు ప్రతిని వెంట ఉంచుకొనటం మంచిది. ప్లేటు ఐచ్ఛికంగా లభించే చోట కొద్ది రుసుముతో దానిని తీసుకొనటం అంతకంటె సుఖం.

పడవ ప్రధాన వినియోగ రాష్ట్రం మారినప్పుడు పాత నెంబరును కొత్త రాష్ట్రం 60 రోజులు గుర్తించవలెనని సమాఖ్య చట్టం చెప్పుచున్నది. రాష్ట్రాలు ఇంతకంటె ఎక్కువ గడువు ఇయ్యవచ్చును. ఫ్లోరిడాలో ఇది 90 రోజులు, కాలిఫోర్నియాలో 120 రోజులు.

నివాసమే మార్చుకొన్నవారికి ట్రైలరు గడువు మరింత తక్కువ. వాహనాన్ని తిరిగి నమోదు చేయించుటకు టెక్సాస్ 30 రోజులు, కాలిఫోర్నియా 20 రోజులు, ఫ్లోరిడా 10 రోజులు ఇస్తాయి. ఉద్యోగరీత్యా తరచు రాష్ట్రాలు మారే వారు, వారిలో అనేకమంది తెలుగువారు కూడా ఉన్నారు, కారు నమోదు గుర్తుంచుకొని ఇంటి వెనుక నిలిపిన ట్రైలరును మరచిపోవటం కద్దు.

టైటిల్ లేని ట్రైలరు

అంతర్రాష్ట్ర కొనుగోళ్ళలో ఎక్కువ నష్టం తెచ్చేది ఇదే. విక్రేత రాష్ట్రం చిన్న ట్రైలర్లకు టైటిల్ ఇవ్వదు, కొన్నవాని రాష్ట్రం టైటిల్ లేనిదే నమోదు చేయదు. విక్రేత తప్పు చేయలేదు, అయినా కొన్నవానికి ప్లేటు రాదు. ఈ పరిస్థితిలో కార్యాలయాలు సాధారణంగా విక్రేత పేర ఉన్న పాత రిజిస్ట్రేషన్, సంతకం చేసిన అమ్మకపు పత్రం, గుర్తింపు సంఖ్య తనిఖీ కోరుతాయి. పాత రిజిస్ట్రేషన్‌ను విక్రేత పారవేసి ఉంటే వ్యవహారం ముడిపడుతుంది. అప్పుడు అనేక రాష్ట్రాలలో మిగిలే మార్గం హామీ బాండు సమర్పించి దానిపై టైటిల్ పొందటం.

1981 నమూనా నుండి వాహనాలకు 17 అక్షరాంకెల గుర్తింపు సంఖ్య తప్పనిసరి అయినది. ట్రైలరుపై ఇది ముందు భాగాన ఒక రేకుపైనో చీటీపైనో ఉంటుంది. ఉప్పునీటిలో మునిగి తేలే పడవ ట్రైలర్లలో ఆ రేకు తుప్పు పట్టుట, చీటీ చెరిగిపోవుట సామాన్యం. సంఖ్య చదవరానిదైనా, ట్రైలరు ఇంటిలో తయారుచేసినదైనా, రాష్ట్రం తనిఖీ చేసి కొత్త సంఖ్య కేటాయిస్తుంది. కొనేముందు రేకుపై సంఖ్యను కాగితంలోని సంఖ్యతో అక్షరమక్షరం పోల్చి చూడవలెను.

పడవ, మోటారు, ట్రైలరు కలిపి ఒకే ధరకు అమ్మటం ఆచారం. అయినను అమ్మకపు పత్రంలో మూడింటినీ వేర్వేరుగా, వేర్వేరు సంఖ్యలతో, ధరలతో వ్రాయించుకొనవలెను. పన్ను, నమోదు రెండూ వేర్వేరుగా జరుగుతాయి, పైగా అనేక రాష్ట్రాలలో పడవ పని ఒక శాఖది, ట్రైలరు పని మరియొక శాఖది.

రోడ్డు నియమాలు

బ్రేకులు, వెడల్పు, వేగం విషయంలో పరస్పర గుర్తింపు వర్తించదు, బండి ఏ రాష్ట్రంలో నడుస్తుంటే ఆ రాష్ట్ర నియమమే పాటించవలెను. ట్రైలరుకు సొంత బ్రేకులు కాలిఫోర్నియాలో 1,500 పౌండ్ల (680 కిలోలు) నుండి, ఫ్లోరిడాలో 3,000 పౌండ్లు దాటితే, టెక్సాస్‌లో 4,500 పౌండ్లు (2,041 కిలోలు) దాటితే అవసరం. దూరప్రయాణం చేసేవారు దారిలోని అతి కఠిన నియమాన్ని ప్రమాణంగా తీసుకొంటారు. ట్రైలరు లాగే వాహనాలకు కాలిఫోర్నియాలో గరిష్ఠ వేగం గంటకు 55 మైళ్ళు (88 కిలోమీటర్లు). వెడల్పు 102 అంగుళాలు (2.59 మీటర్లు) మించితే దాటే ప్రతి రాష్ట్రం నుండి విడిగా అనుమతి పొందవలసి ఉంటుంది. దీపాలకు మాత్రం సమాఖ్య తయారీ ప్రమాణం ఉన్నది.

సరిహద్దు తనిఖీ కేంద్రాలు

1988లో మహా సరస్సుల ప్రాంతంలోని సెయింట్ క్లెయిర్ సరస్సులో జీబ్రా ఆల్చిప్పలు కనబడినవి. 2007 జనవరిలో వాటి బంధుజాతి అయిన క్వాగా ఆల్చిప్పలు నెవాడా, అరిజోనా సరిహద్దులోని మీడ్ సరస్సులో బయటపడినవి. ఇవి నీటి గొట్టాలలో గుత్తులుగా పెరిగి జలవిద్యుత్ కేంద్రాలకు, త్రాగునీటి పథకాలకు అడ్డుపడతాయి. కంటికి కనబడని వీటి డింభకాలు పడవ అడుగున నిలిచిన కొద్దిపాటి నీటిలో కూడా బ్రతికి ట్రైలరు మీద వందల మైళ్ళు వెళ్ళగలవు.

ఈ కారణంగా పశ్చిమ రాష్ట్రాలు ప్రధాన రహదారులపై పడవల తనిఖీ కేంద్రాలు నెలకొల్పినవి. ఐడహో 2009లో ప్రారంభించింది. అయినప్పటికీ 2023 సెప్టెంబరులో ఆ రాష్ట్రంలోని స్నేక్ నదిలో, ట్విన్ ఫాల్స్ వద్ద, క్వాగా డింభకాలు కనుగొనబడినవి. 2024 అక్టోబరులో కాలిఫోర్నియా డెల్టా ప్రాంతంలో బంగారు ఆల్చిప్పలు ఉత్తర అమెరికాలో మొదటిసారిగా బయటపడినవి.

బయలుదేరే ముందు పడవను, ట్రైలరును కడిగి, అడుగు బిరడా తీసి నీరంతా వదలి, ఆరబెట్టవలెను. మిన్నెసోటా వంటి రాష్ట్రాలలో బిరడా బిగించి రోడ్డుపై తీసుకొనిపోవటమే నేరం. తెరచి ఉన్న కేంద్రం వద్ద ఆగకుండా పోయినవారికి జరిమానా ఉంటుంది. ఐడహోలో ఈ తనిఖీ నెంబరు అవసరం లేని తెడ్డు పడవలకు, కారు పైకప్పుపై కట్టిన కయాక్‌లకు కూడా వర్తిస్తుంది.