తిరగేసిన గొడుగు

ఈదురుగాలికి గొడుగు తిరగబడితే మనం విసుక్కుంటాం. ఫెలిక్స్ కాండెలా దాన్ని కాంక్రీటులో పోసి నిలబెట్టాడు.

1910లో మాడ్రిడ్‌లో పుట్టిన కాండెలా అంతర్యుద్ధంలో ఓడిన పక్షం మనిషి. 1939లో శరణార్థిగా మెక్సికో చేరుకుని, 1950లో కొందరితో కలిసి నిర్మాణ సంస్థ పెట్టాడు. ఆ దశకంలో ఫ్యాక్టరీలకీ, గోదాములకీ, సంతలకీ వాళ్ళు కట్టిన గొడుగుల తీరు ఒకటే. మధ్యలో ఒక స్తంభం, దాని మీద జీనులా వంపు తిరిగిన నాలుగు పలకలు. అంచులు పైకి లేచి ఉంటాయి, వాలు మధ్యకి ఉంటుంది. కప్పు మందం కొద్ది సెంటీమీటర్లే. వాన నీరంతా మధ్యకి చేరి, స్తంభంలోని గొట్టం గుండా దిగిపోతుంది.

చూపుకి వంపే గాని ఆ కప్పంతా సరళరేఖల అల్లికే. అందుకే తిన్నని చెక్కలతో సెంట్రింగ్ కొట్టేయొచ్చు. నాలుగు మూలల ఎత్తులు తెలిస్తే మధ్యలోని ప్రతి బిందువూ లెక్కకి దొరుకుతుంది. మేం కంప్యూటర్ గ్రాఫిక్స్‌లో బైలీనియర్ ఇంటర్‌పొలేషన్ అని చదువుకున్నది ఇదే. కాని నాకు అంతకన్నా ముందు గుర్తొచ్చేవి మన మండువా లోగిళ్ళు. అక్కడా నాలుగు కప్పులూ లోపలికే వాలతాయి.

నీడనీ నీటినీ ఇంత తేలిగ్గా ఒకచోటికి తెచ్చిన కాండెలా గొడుగుల్లో సాధారణంగా ఆ నీరు పోయేది మురుగుకాలువలోకే. మరోపక్క మెక్సికో నగరం భూగర్భజలాలు తోడి తోడి కుంగిపోతూనే ఉంది.

కాండెలా విద్య టెక్సాస్‌కీ వచ్చింది. డల్లాస్ ప్రాంతంలో 1958లో కట్టిన టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సెమీకండక్టర్ భవనానికి ఆయన సలహాదారు. అయితే నీళ్ళు దాచుకోవడం టెక్సాస్‌కి అంతకుముందే తెలుసు. ఉప్పునీటి మధ్య ఉన్న గాల్వెస్టన్ దీవిలో జనం ఇంటి కప్పుల నీటినే తొట్లలో పట్టుకుని బతికారు. 1895లో అవతలి గట్టు బోరుబావుల నీరు పైపుల్లో వచ్చాక ఆ తొట్ల అవసరం తీరిపోయింది. కుళాయి తిప్పితే నీళ్ళొస్తుంటే కప్పు వంక చూసేదెవరు?

మళ్ళీ చూసినవాళ్ళలో లేడీ బర్డ్ జాన్సన్ ఒకరు. ఆస్టిన్‌లో ఆవిడ స్థాపించిన అడవిపూల కేంద్రం 1995లో కొత్త చోటికి మారింది. అక్కడి కప్పుల నీరు రాతి తొట్లలో చేరి తోటకి పారుతుంది. ఇంటి యజమానుల సంఘాలు వాననీటి తొట్లని నిషేధించకూడదని 2003లో టెక్సాస్ చట్టమే చేసింది. అంతకు ముందటేడే, 2002లో, మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీరు, భూమి, చెట్ల చట్టం వచ్చి వాననీటి సేకరణ కట్టడాల ఊసెత్తింది.

లెక్క చిన్నదే. పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉన్న పందిరి మీద ఒక సెంటీమీటరు వాన పడితే వెయ్యి లీటర్లు. ఆవిరికీ, చిందులకీ, దుమ్ము కడుక్కుని వచ్చే తొలి జల్లు వదిలేయడానికీ కొంత పోయినా చాలానే మిగులుతుంది. కప్పు ఎంత వంపు తిరిగినా లెక్కకొచ్చేది అది నేల మీద కప్పిన చోటే.

కాబట్టి బస్టాపుకో, బడి ఆవరణకో, గుడి ముందుకో నీడ కట్టేవాళ్ళని నేనడిగేది ఒక్కటే: స్తంభం అడుగున ఏం పెడుతున్నారు, కాలువా, తొట్టా? కాండెలా నీటిని అక్కడిదాకా తెచ్చిపెట్టాడు. మిగిలిన రెండడుగులే మన పని.