జాలీ నుంచి కాగితం దాకా

హైదరాబాద్ దుమ్ము చేతికి మెత్తగా తగులుతుంది కానీ అది రాయి. ఈ నగరం నిలబడ్డదే దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ మీద. మక్కా మసీదు కమానులు ఆ రాయే. 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన పత్తర్‌గట్టీ దుకాణాలూ ఆ రాయే. మా లాల్‌దర్వాజా గల్లీల్లో పాత ఇల్లు కూల్చినా, రోడ్డు తవ్వినా లేచేది ఆ రాయి పొడే. అందులో క్వార్ట్జ్ ఉంటుంది. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో దాని అంకె 7. బండి బోరులోని పోత ఇనుము గానీ, పిస్టన్‌లోని అల్యూమినియం గానీ దాన్ని తట్టుకోలేవు. కార్బొరేటర్ దాటి ఆ పొడి లోపలికి పోయిందా, పిస్టన్‌కూ బోరుకూ మధ్య నూరుకుంటూ రింగుల్ని అరగదీస్తుంది. తర్వాత నీలం కలిసిన తెల్లపొగ, ఆ తర్వాత బోరు పని, లేత్ మెషిన్ ఖర్చు.

ఒక లెక్క చెప్తాను. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. అంటే లీటరు పెట్రోలు వెంట ఇంజన్ దాదాపు 9 వేల లీటర్ల గాలి పీలుస్తుంది. శాలిబండ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఎండాకాలం మధ్యాహ్నం ఆ గాలిలో ఏముంటుందో ఆ దారిన నడిచిన ఎవరికైనా తెలుసు. ఇంత గాలికీ కాపలా ఉండేది బండిలోకెల్లా చవకైన సామాన్లలో ఒకటైన ఎయిర్ ఫిల్టర్. దాన్ని కూడా ఇంకా చవకలో ఎందుకు వెతుక్కుంటారని కొత్త సిటీ నుంచి వచ్చేవాళ్లు నన్ను అడుగుతుంటారు. డబ్బు లేక అన్నది సగం జవాబే. మిగతా సగం ఆ వస్తువు మారుతూ వచ్చిన తీరులో ఉంది. మెకానిక్‌గా నా పని కూడా దాని వెంటే మారింది, కాబట్టి నాకు తెలిసిన వరుసలో చెప్తాను.

నేను శాలిబండలో ఉస్తాద్ దగ్గర షాగిర్ద్‌గా చేరిన రోజుల్లో ఫిల్టర్ కొనడం అన్న మాటే వినపడేది కాదు. 1972లో వచ్చిన బజాజ్ చేతక్ అప్పటికి పాతబస్తీలో పెళ్లికొడుకులు ఆశగా అడిగే బండి. బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురు చూసేవాళ్లు. దాంట్లో గాలి వడపోసేది ఒక ఇనుప జాలీ. కోసిన ఆయిల్ డబ్బాలో కొంచెం పెట్రోలు పోసి, జాలీని అందులో ఆడించి, దులిపి, గాలి కొట్టి మళ్లీ బిగించేవాళ్లం. ఆ పని షాగిర్ద్‌ది, అంటే నాది. బండి బతికినంత కాలం జాలీ బతికేది. అది సన్నటి దుమ్మును గొప్పగా ఆపేది కాదు, నిజమే. కానీ ఒక్కటి గమనించాలి. ఫిల్టర్ అంటే అప్పుడు సరుకు కాదు, పని. దాని ధర కూలిలో కలిసిపోయి ఉండేది. కడగడం తెలిసినవాడిదే ఫిల్టర్.

ఫలక్‌నుమా డిపో నుంచి ఆర్టీసీ మెకానిక్‌లు చాయ్‌కి వచ్చి మా ఉస్తాద్ బల్ల మీద కూర్చునేవాళ్లు. వాళ్ల లేలాండ్ బస్సుల్లో నూనె తొట్టి ఉన్న ఫిల్టర్లుండేవి. గాలి వచ్చి నూనెను తాకి మలుపు తిరుగుతుంది, బరువైన దుమ్ము నూనెలో పడిపోతుంది. తొట్టి అడుగున పేరుకున్న బురదను గరిటెతో తీసేవాళ్లమని చెప్పేవాళ్లు. వాళ్ల ఫిల్టరూ కడుక్కునేదే. పడెయ్యడం అన్న ఆలోచన ఆ కాలపు ఏ గ్యారేజీలోనూ లేదు.

మార్పు జపాన్ నుంచి వచ్చింది. ప్రభుత్వం విదేశీ భాగస్వామ్యాలకు తలుపు తెరిచాక 1984లో ఇండ్‌సుజుకి, 1985లో హీరో హోండా సీడీ 100, అదే ఏడు చివర్లో యమహా ఆర్‌ఎక్స్ 100, ఆ మరుసటేడు కవాసాకి బజాజ్ వచ్చాయి. ఈ చిన్న బండ్లు జాలీని తీసేసి స్పంజ్ తెచ్చాయి. స్పంజ్‌ను కిరసనాయిల్లో కడగాలి. బట్ట పిండినట్టు మెలిపెట్టకూడదు, రెండు అరచేతుల మధ్య నొక్కి పిండాలి, ఆరబెట్టాలి, ఇంజన్ ఆయిల్ పట్టించాలి, ఎక్కువైన నూనె పిండెయ్యాలి. ఆ జిడ్డే దుమ్మును పట్టేది. నూనె లేని స్పంజ్ ఉన్నా లేనట్టే. ఈ వరుస మా ఉస్తాద్ మొదటిసారి చూపించినప్పుడు నాకు గుర్తున్నది ఆయన చేతుల నెమ్మది. అంత ఓపిక ఆయన ఇంకే సామాను మీదా చూపించేవాడు కాదు.

అయితే స్పంజ్‌కు ఆయుష్షు తక్కువ. కొన్నేళ్లకు పెట్రోలు ఆవిరికీ నూనెకూ మెత్తబడి, పొడిపొడిగా రాలి, ఆ నల్లటి ముక్కలు కార్బొరేటర్లోకే పోయేవి. కొత్తది కావాలి. కంపెనీ స్పంజ్ షోరూమ్‌లో మాత్రమే దొరికేది, అది కూడా ఉన్నప్పుడు. ఇక్కడే పాతబస్తీ మొదటి చవక ఫిల్టర్ పుట్టింది. దాన్ని పుట్టించింది ఏ ఫ్యాక్టరీ కాదు, సీట్ కవర్లు కుట్టే కొట్టు. పాతదాన్ని అచ్చుగా పెట్టి కుషన్ స్పంజ్‌ను కత్తెరతో కోసి ఇచ్చేవాళ్లు. చూడ్డానికి అచ్చం అదే. పనిలో కాదు. ఫిల్టర్ స్పంజ్‌లో రంధ్రాలన్నీ ఒకదానికొకటి తెరుచుకుని ఉంటాయి, మధ్య పొరలుండవు. కుషన్ స్పంజ్‌లో పొరలుంటాయి. అందుకే దళసరిగా కోస్తే బండికి ఊపిరాడదు, పల్చగా కోస్తే దుమ్ము ఆగదు. మా ఉస్తాద్ తన దుకాణంలో దాన్ని రానిచ్చేవాడు కాదు. గిరాకీ పోయినా సరే అనేవాడు.

దీనికంటే పెద్ద నష్టం చేసింది ఆర్‌ఎక్స్ 100 మోజు. దాని చప్పుడు ఇంకా పెరగాలని కుర్రాళ్లు ఫిల్టర్ పెట్టెకు రంధ్రాలు చేయించేవాళ్లు, కొందరు స్పంజ్ తీసి పారేసేవాళ్లు. టూ స్ట్రోక్ బండిలో గాలి ఎక్కువైతే దాంట్లో పెట్రోలు పాలు తగ్గుతుంది. ఇంజన్ వేడెక్కి పిస్టన్ పట్టేస్తుంది. 1996లో ఆ బండి తయారీ ఆగిపోయింది. ఇవాళ దాన్ని ప్రాణంగా చూసుకుంటున్నవాళ్లు ఇదొక్కటి గుర్తు పెట్టుకోవాలని నా వేడుకోలు: ఫిల్టర్ లేని ఆర్‌ఎక్స్‌కు చప్పుడే మిగులుతుంది, ఇంజన్ మిగలదు.

ఇక బజారు. చార్మినార్ చుట్టూ అన్నీ దొరుకుతాయంటారు కానీ కొత్త బండి సామాను కోసం మా మెకానిక్‌లందరం నయాపూల్ మీదుగా మూసీ దాటి పుత్లీబౌలి, జాంబాగ్, గౌలిగూడ వైపు పోవాల్సిందే. వాడిన సామానైతే జుమేరాత్ బజార్. గౌలిగూడ పక్కన ఆ కొట్లు ఎందుకు పెరిగాయన్న దానికి నాకొక సమాధానం ఉంది. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. గౌలిగూడలో విమానాల కోసం తెచ్చిన పెద్ద రేకుల షెడ్డు బస్ స్టేషన్ అయింది. బస్సులున్న చోట మెకానిక్‌లుంటారు, వాళ్లున్న చోట బోల్టులూ ప్యాకింగులూ అమ్మేవాళ్లుంటారు, వాళ్ల పక్కనే స్కూటర్ సామానూ చేరుతుంది. 1994లో దూరపు బస్సులు ఇమ్లీబన్‌కు మారిపోయాయి. 2018 జూలై 5న ఆ షెడ్డు కూలిపోయింది. సామాను కొట్లు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు.

ఆ కొట్లలోకి చవక సరుకు ఎక్కువగా ఢిల్లీ నుంచి వచ్చేది. దేశ విభజన తర్వాత శరణార్థులుగా వచ్చిన పంజాబీ కుటుంబాలు పెంచిన కశ్మీరీ గేట్, కరోల్‌బాగ్ బజార్లే దాని పుట్టిల్లు. అఫ్జల్‌గంజ్ పార్సిల్ ఆఫీసుల్లో గోనె బస్తాల్లో దిగేది. కౌంటర్ దగ్గర నిలబడగానే మొదటి ప్రశ్న ఇప్పటికీ ఒకటే: “కంపెనీ కా హోనా క్యా, లోకల్ హోనా?” లోకల్ అంటే కంపెనీ ధరలో సగం, ఒక్కోసారి ఇంకా తక్కువ.

ఆ ప్రశ్నలో రెండు రకాలే వినపడతాయి గానీ నిజానికి నాలుగున్నాయి. బండి కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. ఎలోఫిక్, యూనో మిండా లాంటి కంపెనీలు తమ సొంత పేరుతో అమ్మేది రెండోది. ఏ పేరూ లేకుండా ప్లాస్టిక్ కవర్‌లో వచ్చేది మూడోది. కంపెనీ పేరు దొంగిలించి ముద్రించింది నాలుగోది. మొదటి మూడింటినీ నేను అమ్ముతాను, వాడతాను. నాలుగోదాన్ని ముట్టను. పేరు లేనివాడు కనీసం అబద్ధం చెప్పడం లేదు. దొంగ డబ్బావాడు సరుకు మంచిదైనా నమ్మదగినవాడు కాదు, ఎందుకంటే కంపెనీ ధర తీసుకుని లోకల్ ఇస్తాడు. 2011లో హీరో, హోండా పేర్లు విడిపోయినప్పుడు పాత పేరు డబ్బాలూ కొత్త పేరు డబ్బాలూ పక్కపక్కన కనిపించి గిరాకీలు బాగా తికమకపడ్డారు. కంపెనీ డబ్బా ఖాళీ అయిందంటే నేను దాన్ని నిలువునా చింపి పారేస్తాను. చింపని డబ్బాకు కచరా బేరగాడి దగ్గర ధర పలుకుతుంది, అది ఎక్కడికి పోతుందో నాకు తెలుసు.

డబ్బాల గొడవ ఇంత పెరగడానికి కారణం కాగితం. నాలుగు స్ట్రోకుల బండ్లలో, యాక్టివా లాంటి స్కూటర్లలో స్పంజ్ స్థానంలో మడతల కాగితం వచ్చింది. అది సన్నటి పొడిని ఆపడంలో స్పంజ్ కంటే మేలు. కానీ కడగరాదు. దానికి నూనె జిడ్డు పట్టించి ఇచ్చే రకమైతే గాలి కూడా కొట్టరాదు, 15 వేల కిలోమీటర్ల దగ్గర తీసి కొత్తది వెయ్యాలి. పని పోయి సరుకు మిగిలింది. ఫిల్టర్ మారిపోయినంత తొందరగా మా చేతులు మారలేదు. జాలీని ఆడించిన చేతులు, స్పంజ్‌ను పిండిన చేతులు కాగితాన్నీ అరుగు రాయికేసి కొట్టాయి, కంప్రెసర్ పెట్టి ఊదాయి, పెట్రోల్లో ముంచాయి. మడతలు విచ్చి, కంటికి కనపడని చీలికలు పడి, దుమ్ము నేరుగా లోపలికి పోయింది. లోకల్ ఫిల్టర్ వేస్తే ఇంజన్ పోయిందని నా దగ్గరికి వచ్చిన బండ్లలో చాలావాటికి కారణం లోకల్ కాదు, కడిగిన కాగితం. ఈ మాట గట్టిగా చెప్పాలని ఎన్నాళ్లుగానో ఉంది.

మరి చవకలో మంచిదాన్ని ఎలా పట్టుకోవాలి? నేను ముందు చూసేది కాగితాన్ని కాదు, అంచును. ఫిల్టర్ చుట్టూ ఉన్న రబ్బరు వేలితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి రావాలి. గట్టి ప్లాస్టిక్‌లా ఉంటే పెట్టెలో కూర్చోదు. కూర్చోని చోట గాలి వడపోతను వదిలేసి పక్కదారి పడుతుంది. ఎంత గొప్ప కాగితమైనా అప్పుడు వృథా. అందుకే బండిని కొట్టు దగ్గరికే తీసుకెళ్లి, పెట్టెలో పెట్టి చూసి కొనమంటాను. తర్వాత వెలుతురుకు ఎత్తిపట్టి చూడాలి. కాగితం అంతటా ఒకేలా మసకగా కనపడాలి, సూదిమొనంత చుక్క వెలుగు కూడా రాకూడదు. మడతలు సమానంగా, దగ్గరగా ఉండాలి. పాత కంపెనీ ఫిల్టర్ పక్కన పెట్టి లెక్కపెడితే లోకల్‌లో మడతలు ఎన్ని మింగారో తెలిసిపోతుంది. మడతలు తగ్గితే కాగితం వైశాల్యం తగ్గుతుంది, తొందరగా మూసుకుపోతుంది. పొడి రకమైతే అంచు మీద ఒక్క నీటిచుక్క వేసి చూడండి. రెసిన్ పట్టించి కాల్చిన కాగితం చుక్కను కాసేపు నిలబెడుతుంది. మామూలు కాగితం వెంటనే పీల్చేస్తుంది. అలాంటిది ఆషాఢం వానల్లో పెట్టెలోకి తడి చేరితే అట్టలా ఉబ్బిపోతుంది. బోనాల రోజుల్లో ఎన్ని బండ్లు ఇలా ఆగిపోయి వస్తాయో!

బిగించాక కూడా పరీక్ష ఉంది. ఫిల్టర్ దాటాక ఇంజన్‌కు పోయే రబ్బరు గొట్టం లోపల వేలితో పలచగా గ్రీజు రాసి వదలండి. కొద్ది వారాలు తిప్పాక విప్పి ఆ గ్రీజును రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి. గరగర తగిలితే ఆ ఫిల్టర్ పనికిరాదు, దాని మీద ఎవరి పేరున్నా సరే.

ఎర్రటి గుడ్డ ఫిల్టర్ల గురించి కూడా అడుగుతుంటారు. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన కే అండ్ ఎన్ 1969 నుంచి పేరు తెచ్చుకున్న రకం అది, నూనె పట్టించిన నూలు పొరలు, కడిగి వాడుకోవచ్చు. మన బజార్లో తక్కువ ధరకు వేలాడే శంఖం ఆకారపువి చాలావరకు దాని నకళ్లు. కార్బొరేటర్ జెట్ మార్చకుండా మామూలు బండికి అవి బిగించమంటే నేను ఒప్పుకోను.

2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 కాలుష్య నిబంధనలు తప్పనిసరి అయ్యాయి, బండ్లలో కార్బొరేటర్ పోయి సెన్సార్లు వచ్చాయి. ఫిల్టర్ మాత్రం ఆ కాగితమే. ఇప్పుడు నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది ఇళ్లకు అన్నం పొట్లాలు చేరవేసే పిల్లలు. రోజంతా ఇదే దుమ్ములో తిరుగుతారు, ప్రతి రూపాయీ లెక్కే. బండి పుస్తకంలో రాసిన 15 వేల కిలోమీటర్లు మామూలు రోడ్లకు, దుమ్ములో తిరిగేవాళ్లు ముందే మార్చాలని ఆ పుస్తకమే చెప్తుంది. వాళ్లతో నేను లెక్క వేయిస్తాను: కంపెనీది ఒకటి కొని 15 వేలు లాగే బదులు, అంచు సరిగ్గా కూర్చునే మంచి లోకల్‌ను 7 వేల దగ్గర ఒకటి, మళ్లీ 7 వేలకు ఒకటి వెయ్యండి. ఖర్చు ఇంచుమించు అంతే. మార్చిన తేదీ, కిలోమీటర్లు పెట్టె మూత లోపలి వైపు మార్కర్‌తో నేనే రాసిస్తాను. ఆ తర్వాత మధ్యలో ఎవరు విప్పి గాలి కొడతామన్నా వద్దనమంటాను.