హోల్డింగ్ ప్యాటర్న్

ఈ మాట నేను మొట్టమొదట విన్నది ఏ పైలట్ నోటా కాదు, సాటి తెలుగువాడి నోట. ఇల్లు ఎప్పుడు కొంటున్నారని అడిగితే, "గ్రీన్ కార్డు రావాలి కదండీ, ఇంకా హోల్డింగ్ ప్యాటర్న్‌లోనే ఉన్నాం" అన్నారాయన. అప్పటినుంచీ ఈ మాట పుట్టుక మీద నాకు ఆసక్తి.

రైలుకు ఈ బాధ లేదు. బెజవాడలో ప్లాట్‌ఫారం ఖాళీ లేకపోతే ఔటర్లో ఆగుతుంది. విమానానికి ఆగే యోగం లేదు, వేచి ఉండాలంటే తిరుగుతూనే ఉండాలి. న్యూజెర్సీలోని నెవార్క్‌లో రద్దీ పెరిగి, 1935 డిసెంబరులో విమాన కంపెనీలే కలిసి తొలి ట్రాఫిక్ కంట్రోల్ కేంద్రం పెట్టుకున్నాయి. నల్లబల్ల, మ్యాపు, టెలిఫోను, అంతే సరంజామా. మరుసటేడు జులైలో ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. పోనుపోను ఈ తిరగడానికీ ఒక లెక్క ఏర్పడింది. మామూలుగా కుడివైపు మలుపులు. 14,000 అడుగుల లోపైతే సూటిగా సాగే దారి ఒక్క నిమిషం. ఒకదాని మీద ఒకటిగా, వెయ్యేసి అడుగుల ఎడంతో విమానాలు. నాకు బాగా నచ్చింది మరొకటి: మళ్ళీ కబురు ఎన్నింటికి రావచ్చో కంట్రోలర్ ముందే ఒక టైము చెబుతాడు. మన గానుగెద్దుకు ఆ భాగ్యం కూడా లేదు.

1990 జనవరి 25 రాత్రి కొలంబియా నుంచి న్యూయార్క్ వస్తున్న ఏవియాంకా 52ను, వాతావరణం బాగోక, మూడు చోట్ల కలిపి 77 నిమిషాలు తిప్పారు. కోపైలట్ "ప్రయారిటీ" కావాలన్నాడు, ఇంధనం అయిపోతోందన్నాడు. "ఎమర్జెన్సీ" అని మాత్రం అనలేదు. దిగబోయి, దిగలేక, మళ్ళీ పైకి లేచిన ఆ విమానం లాంగ్ ఐలాండ్‌లో కోవ్ నెక్ దగ్గర కూలింది. 158 మందిలో 73 మంది పోయారు. పరాయి భాషలో బతికే మనకు ఈ కథ మరోలా వినిపిస్తుంది. మనమూ మర్యాదగా అడుగుతాం గానీ, అవతలివాడు ఉలిక్కిపడి లేచే మాట నోటికి రాదు.

అదే ఏడాది నవంబరులో వచ్చిన ఇమ్మిగ్రేషన్ చట్టం ఏ దేశానికైనా 7 శాతమే అని పరిమితి పెట్టింది. ఐస్‌లాండ్‌కీ అంతే, ఇండియాకీ అంతే. మన చక్కర్లకు మూలం అక్కడుంది. ఇక్కడ టైము చెప్పే కంట్రోలర్ లేడు. నెలనెలా వీసా బులెటిన్, అందులో ముందుకూ వెనక్కూ జరిగే తేదీలు. ఈలోగా పిల్లలకు 21 నిండితే అమ్మానాన్నల దరఖాస్తులోంచి జారిపోతారేమోనన్న బెంగ.

2007 జులై బులెటిన్ ఉద్యోగ కేటగిరీలకు దాదాపు అన్నిటికీ దారి తెరిచింది. జనం లాయర్ల దగ్గరికీ, మెడికల్ పరీక్షలకూ పరిగెత్తారు. తీరా జులై 2న దారి మూసేశారు. అప్పుడు మనవాళ్ళు 'లగే రహో మున్నాభాయ్' చూసిన ఊపులో ఇమ్మిగ్రేషన్ డైరెక్టర్‌కు వందల కొద్దీ పూలు పంపారు. ఆయన వాటిని వాల్టర్ రీడ్ ఆసుపత్రిలోని గాయపడిన సైనికులకు పంపించారు. జులై 17న మాట మార్చి, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుంటామన్నారు. అలా అందించిన వాళ్ళ చేతికి వర్క్ పర్మిట్లు వచ్చాయి. కార్డు కోసం మాత్రం వాళ్ళలో చాలామంది ఆ తరవాతా ఏళ్ళ తరబడి తిరుగుతూనే ఉన్నారు.