ఇల్లు నిలబెట్టిన ఆడవాళ్ళు

ఉత్తర వర్జీనియాలో ఉండే మన తెలుగువాళ్ళకి మౌంట్ వెర్నాన్ దారి కంఠతా వచ్చేసి ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే వైట్‌హౌస్ గేటు, మ్యూజియంలు అయ్యాక తర్వాతి వరస జార్జి వాషింగ్టన్ ఇల్లే. క్యూలో నిలబడతాం, ఆయన చనిపోయిన మంచం చూస్తాం, గోడకి తగిలించిన బాస్టిల్ కోట తాళంచెవి చూస్తాం (ఫ్రాన్సు నుంచి లఫాయెట్ పంపించాడు), వెనక వసారాలో కుర్చీల్లో కూర్చుని పొటోమాక్ నది వంక చూస్తూ ఫోటోలు దిగి వచ్చేస్తాం. ఆ ఇంటిని గవర్నమెంటు నడపట్లేదని మాత్రం చాలామందికి తెలీదు. ఒక మహిళా సంఘం నడుపుతోంది. 1858 నుంచీ ఆ ఇల్లు వాళ్ళదే.

ఆ కథ 1853లో మొదలైంది. లూయీసా కన్నింగ్‌హామ్ అనే ఆవిడ రాత్రిపూట స్టీమర్‌లో ఆ ఇంటి ముందు నుంచి వెళ్తూ చూసిందట. రంగు వెలిసిపోయింది, వసారా ఒరిగిపోకుండా పడవ తెరచాపల కొయ్యలు ఊతంగా పెట్టారు. దేశపిత ఇంటిని మగవాళ్ళు ఇలా పాడుబెట్టారు కదా, ఆ పనేదో ఆడవాళ్ళే ఎందుకు చెయ్యకూడదని కూతురికి ఉత్తరం రాసింది. కూతురు ఆన్ పమేలా, చిన్నప్పుడు గుర్రం మీంచి పడి, జీవితమంతా అనారోగ్యంతో బాధపడిన మనిషి. ఆమె సౌత్ కరొలైనా పత్రికలో విజ్ఞప్తి రాసింది. అదీ సొంత పేరుతో కాదు, 'ఒక దక్షిణాది గృహిణి' అన్న అర్థం వచ్చే సంతకంతో. మర్యాదస్తుల ఇంటి ఆడపిల్ల పేరు పేపర్లో పడకూడని రోజులు మరి! (మనకీ అలాంటి రోజులు బాగానే తెలుసు.)

అప్పుడు ఆ ఇంటి ఓనరు జాన్ ఆగస్టీన్ వాషింగ్టన్, ఆ కుటుంబం వారసుడే. రెండు లక్షల డాలర్లు ఇస్తే అమ్ముతానన్నాడు. ఫెడరల్ గవర్నమెంటు వద్దంది. వర్జీనియా రాష్ట్రం కూడా ముందుకు రాలేదు. వోటు హక్కు లేని ఆడవాళ్ళు (అమెరికా అంతటా అది రావడానికి 1920 దాకా ఆగాలి) సంఘం పెట్టుకుని, రాష్ట్రానికొక ప్రతినిధిని వేసుకుని, వాళ్ళ చేత ఊరూరా చందాలు వసూలు చేయించారు. ఎడ్వర్డ్ ఎవరెట్ అనే ప్రసిద్ధ వక్త వాషింగ్టన్ గురించి ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలిచ్చి, ఆ డబ్బులో సుమారు 69 వేలు తెచ్చిపెట్టాడు. 1858లో కొనుగోలు ఒప్పందం, 1860లో తాళాలు చేతికి. మరుసటేడు అంతర్యుద్ధం!

యుద్ధకాలంలో ఆ ఇంటిని కాపాడింది సంఘం సెక్రటరీ సారా ట్రేసీ, సూపరింటెండెంట్ అప్టన్ హెర్బర్ట్. ఆమె ఉత్తరాది మనిషి, ఆయన వర్జీనియావాడు. రెండు సైన్యాల మధ్య ఇరుక్కున్న ఇల్లు అది. ఏ పక్షం సిపాయి వచ్చినా తుపాకీ బయట పెట్టి లోపలికి రావాలని రూలు పెట్టారు. ఇంటి అమ్మకం తాలూకు డబ్బుని ఆమె కోడిగుడ్ల బుట్ట అడుగున దాచి వాషింగ్టన్ బ్యాంకుకి చేర్చిందని కూడా చెప్తారు. ఇదంతా చదివినప్పుడు మన సినిమావాళ్ళు ఏం కథలు వెతుక్కుంటారో అనిపించింది.

సరే, ఇంతవరకూ మెచ్చుకోలే. ఇక్కణ్ణుంచి కొంచెం ఇబ్బంది.

వాషింగ్టన్ చనిపోయిన 1799లో ఆ ఎస్టేట్‌లో ఉన్న బానిసలు 317 మంది. అందులో ఆయన సొంతం 123 మంది. వాళ్ళకి విడుదల ఇవ్వాలని విల్లు రాశాడు. మిగతావాళ్ళలో ఎక్కువమంది ఆయన భార్య మార్తా మొదటి భర్త తరఫు ఆస్తి. వాళ్ళని విడిపించే హక్కు ఆయనకి చట్టప్రకారం లేదు. దాంతో ఎన్నో కాపురాల్లో మొగుడు స్వతంత్రుడు, పెళ్ళాంపిల్లలు బానిసలు అయ్యారు. మార్తా పోయాక వాళ్ళని ఆమె మనవలు పంచుకున్నారు. ఇల్లు దక్కిన తమ్ముడి కొడుకు బుష్రాడ్ సుప్రీంకోర్టు జడ్జి. ఆయన 1821లో 54 మందిని అమ్మేశాడు. చివరికి సంఘానికి ఇల్లు అమ్మిన జాన్ ఆగస్టీన్‌కీ బానిసలున్నారు. ఆన్ పమేలా పుట్టింది కూడా అలాంటి తోటల కుటుంబంలోనే.

ఉత్తరాది, దక్షిణాది ఆడవాళ్ళు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలంటే అక్కడ ఎత్తకూడని మాట ఒకటుంది. వాళ్ళు ఎత్తలేదు. ఆ రోజుల్లో ఇల్లు నిలబడ్డానికి అది తప్పలేదేమో, కానీ తర్వాత తరాలకి అదే అలవాటైపోయిందని నా అభిప్రాయం. 1929లో సంఘం బానిసల శ్మశానంలో ఒక రాయి వేయించింది. మంచి పనే, ఆ కాలానికి మరీ అరుదైన పని. కానీ దాని మీద 'బానిసలు' అన్న మాట లేదు, 'నమ్మకస్తులైన సేవకులు' అని చెక్కారు. నమ్మకమో కాదో వాళ్ళని ఎవరడిగారు?

దక్షిణాదిలో ఇలాంటి ఇళ్ళల్లో చాలాకాలం పర్యాటకులకి చెప్పిన భాష కూడా అదే. భోజనాలు వడ్డించబడేవి, ఇటుకలు కాల్చబడేవి, తోటలు పెంచబడేవి. మన ప్రభుత్వ ప్రకటనల తెలుగులాగా, వాక్యంలో కర్త ఉండడు!

ఇక్కడే నాకు వాలంటీర్ల సంగతి ముఖ్యం అనిపిస్తుంది. చారిత్రక గృహాలు చాలావరకు నడిచేది రిటైరైన టీచర్లు, శనివారాలు ఖాళీ చేసుకుని వచ్చే ఉద్యోగులు, స్కూలు పిల్లల వల్లే. తోటపని చేస్తారు, దారి చూపిస్తారు, గది దగ్గర నిలబడి అవే నాలుగు మాటలు రోజుకి వందసార్లు చెప్తారు. చరిత్ర పుస్తకాలు రాసే ప్రొఫెసర్ని మీరెప్పుడూ కలవరు. మీరు కలిసేది వీళ్ళనే.

ఉదాహరణకి ఎవరో ఒకరు అడిగే తీరతారు, వాషింగ్టన్‌కి చెక్క పళ్ళటగా అని. కాదండీ, ఏనుగు దంతం, లోహం, మనుషుల పళ్ళు కలిపి చేసినవి అని చెప్తే జవాబు కరెక్టే. జనం ఓహో అని నవ్వి ముందుకి కదులుతారు. కానీ ఆ ఎస్టేట్ లెక్కల పుస్తకంలో 1784లో ఒక పద్దు ఉంది. నల్లవాళ్ళ దగ్గర తొమ్మిది పళ్ళు కొన్నట్టు, ఇచ్చిన డబ్బు ఇంతని. ఆ పళ్ళు ఈయన నోట్లోకే వెళ్ళాయని రుజువు లేదు, ఆ ఆమ్మినవాళ్ళు ఒప్పుకునే అమ్మారా అన్నదీ పుస్తకంలో లేదు. ఈ రెండో సగం చెప్పడానికి ఇంకో అర నిమిషం పడుతుంది, వెనక క్యూ ఆగిపోతుంది. చెప్పాలా వద్దా అన్నది అక్కడ నిలబడ్డ మనిషి ఇష్టం. చెప్పాలనే నా పట్టు.

మార్పు సంఘం లోపల్నుంచి మాత్రమే రాలేదు. 1980ల మొదట్లో ఆ శ్మశానం ముళ్ళపొదల్లో మునిగి ఉందని వాషింగ్టన్ పోస్ట్‌లో డొరొతీ గిలియం రాశాక కదలిక వచ్చింది. 1983లో, నల్లవాళ్ళ చదువుకి పేరున్న హోవార్డ్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ విద్యార్థులు డిజైన్ చేసిన స్మారకం వెలిసింది. పాత రాయిని కూడా తీసెయ్యకుండా అక్కడే ఉంచారు. ఉంచడమే నయం, రెండూ పక్కపక్కన చదువుకోవచ్చు.

2014లో పురావస్తు శాఖవాళ్ళు ఆ శ్మశానంలో సర్వే మొదలుపెట్టారు. సమాధుల్ని తవ్వరు. పైమట్టి మాత్రం కొద్దికొద్దిగా తీసి, కింద మట్టి రంగు మారిన చోట సమాధి అంచు గుర్తించి, కొలతలు రాసుకుని, మళ్ళీ కప్పేస్తారు. తీసిన మట్టినంతా జల్లెడ పడతారు. ఆ సమాధుల్లో ఏది ఎవరిదో చెప్పే పేర్లు లేవు. జల్లెడ పట్టేవాళ్ళలో వాలంటీర్లూ ఉన్నారు, ఆ బానిసల వారసులూ ఉన్నారు.