ఆదివారం ఎవరిచ్చింది?

గోపాల్‌పేట ఒకప్పుడు సంస్థానం. వనపర్తి, గద్వాల లెక్కనే నిజాం కింద ఉన్న గడ్డ. సంస్థానాల రాజుల పేర్లు, వాళ్ళు పోషించిన కవుల పేర్లు పుస్తకాల్లో ఉన్నయి. చచ్చిన గొడ్డును మోసినోళ్ళ పేర్లు, డప్పు కొట్టినోళ్ళ పేర్లు, వెట్టికి పోయినోళ్ళ పేర్లు ఏ పుస్తకంలో ఉన్నయి? మా ముత్తాత పేరు మాకు కాగితం మీద దొరికింది బాప్తీస్మాల రిజిస్టరులోనే.

బియ్యం కోసం మతం మారినోళ్ళని మనల్ని ఇప్పటికీ ఎగతాళి చేస్తరు. చరిత్ర చూద్దాం. ఒంగోలు ప్రాంతంలో యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ, తోళ్ళ వ్యాపారి, 1866లోనే బాప్తీస్మం తీసుకుండు. పదేండ్ల తర్వాత గదా 1876-78 కరువు వచ్చింది! ఆ కరువులో క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని ఇప్పించిండు గానీ బాప్తీస్మాలు ఆపేసిండు. కరువు పని ముగిసినంకనే, 1878 జూలై 3న, ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చిండ్రు.

అక్కడ కొత్త విశ్వాసికి పెట్టిన షరతులు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చదివేటోళ్ళకు ఇవి మతం మాటలు. వెట్టోడికి మాత్రం తిరుగుబాటు. వెట్టికి పొద్దు లేదు, మాపు లేదు, సెలవు అసలే లేదు. అట్లాంటోడు "ఈ పొద్దు మందిరం, నేను రాను" అంటే, దొర కాలాన్ని తెంపి తన కాలాన్ని తాను నిలబెట్టుకున్నట్టే. అందుకే కరణాలు, భూస్వాములు వాళ్ళ మీద కక్ష గట్టిండ్రు.

మా పాలమూరుకు అమెరికన్ బాప్టిస్టులు, మెన్నోనైటు బ్రదరెన్ వాళ్ళు వచ్చిండ్రు. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల మిషన్లు బాప్టిస్టుల చేతిలోంచి మెన్నోనైట్ల చేతికి మారినయి. దొరలు మారిండ్రు గానీ గంట మారలేదు. మా నాయినమ్మకు అక్షరం రాదు, కీర్తనలు మాత్రం నోటికి వచ్చేటివి. మేస్త్రీ అడ్వాన్సు పట్టుకొని ఏ ప్రాజెక్టు కట్టకు పోయినా, గుడిసెలో గుడ్డిదీపం ముందు ప్రార్థన తప్పేది కాదు. ఊరు చెదిరింది, కొంప చెదిరింది. వారం మాత్రం చెదరలేదు.

ఇంక సర్కారు సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ అంటే హిందువే అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలుపుకున్నది. క్రైస్తవులను కలపలేదు. మతం మారినంత మాత్రాన ఊరు మమ్మల్ని వాడలోంచి బయటికి తెచ్చిందా? అంటు పోయిందా? పోలే. అయినా మన రాష్ట్రంలో మాకు బీసీ-సీ కాగితమే ఇచ్చిండ్రు. అందుకే వాడల్లో బడికొక పేరు, గుడికొక పేరు పుట్టింది. నేను చదివిన బడిలో ఒక సారు హాజరు పిలుస్తూ "నీ అసలు పేరేందిరా?" అని అందరి ముందు నవ్వేటోడు. ఆ ప్రశ్న నన్ను కాదు, ఆ ఉత్తర్వును అడగాలె.

చర్చి మచ్చలేనిదని నేననను. మాల, మాదిగ తేడాలు అక్కడా ఉన్నయి. పెద్దరికాల కొట్లాటలు ఉన్నయి. లోబడమని చెప్పే వాక్యాన్నే పట్టుకొని, అన్యాయాన్ని అడగొద్దనే పాస్టర్లూ ఉన్నరు.

మా పెద్దలు నేర్చిన క్రమశిక్షణ అది కాదు. వాళ్ళు దేవునికి లోబడింది దొరకు లోబడకుండా ఉండేటందుకు. ఇవాళ నా తరగతిలో కూచున్న మాదిగ పిల్లలకు ఆదివారమంటే సెలవు దినం. అది క్యాలెండరు ఇచ్చింది కాదు, మన తాతలు దెబ్బలు తిని గుంజుకున్నదని వాళ్ళకు చెప్పాలె. ఆ పాఠం ఏ వాచకంలోనూ లేదు. మనమే రాయాలె.